మూడు లక్షల్లో ఇద్దరం గ్రీస్ వెళ్ళి రాగలమా?

హైదరాబాద్ నుంచి భార్యాభర్తలం ఇద్దరం, ఎనిమిది తొమ్మిది రోజులు, విమానం వీసా అన్నీ కలిపి మూడు లక్షలు దాటకూడదు, అవుతుందా అని అడిగారు. అవుతుంది. 2025 అక్టోబర్‌లో నేనూ మా అమ్మా వెళ్ళొచ్చాం. ఇద్దరికీ కలిపి రెండు లక్షల నలభై వేల దగ్గర తేలింది. జులై, ఆగస్టుల్లో వెళ్ళాలనుకుంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. గదుల అద్దెలు మండిపోతాయి, ఎండ మన మే నెల ఎండే. మరీ ముదిరితే మధ్యాహ్నం పూట ఆక్రోపోలిస్ (ఏథెన్స్‌లో కొండ మీదున్న పాతకాలపు గుళ్ళు) మూసేస్తారు కూడా. ఏప్రిల్, మే మొదట్లో గానీ అక్టోబర్‌లో గానీ పెట్టుకోండి.

ముందు టికెట్ సంగతి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. 2019లో ఒక్కణ్ణే వెళ్ళినప్పుడు ఆరేడు వేలు కలిసొస్తాయని గల్ఫ్ దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి ఏథెన్స్‌కి వేరే సంస్థలో ఇంకో టికెట్ కొన్నాను. మొదటి విమానం మూడు గంటలు ఆలస్యమైంది. సూట్‌కేసు తీసుకుని రెండో విమానంలో మళ్ళీ వేయాలంటే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, దానికి ఆ దేశం వీసా కావాలి, నా దగ్గర లేదు. రెండో విమానం వెళ్ళిపోయింది. విడి టికెట్ కాబట్టి వాళ్ళకి బాధ్యత లేదన్నారు. రాత్రంతా కుర్చీలో కూర్చుని, పొద్దున్నే 31 వేలు పెట్టి కొత్త టికెట్ కొన్నాను. అందుకే చెప్తున్నాను: దోహా, దుబాయ్, అబుదాబీ, ఎక్కడ మారినా సరే, హైదరాబాద్ నుంచి ఏథెన్స్ దాకా ఒకే బుకింగ్, ఒకే పీఎన్ఆర్ ఉండాలి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకో విమానం ఎక్కించే పూచీ వాళ్ళది, సామాను నేరుగా ఏథెన్స్‌లోనే వస్తుంది.

ఈసారి జులైలోనే కొన్నాను, రానూపోనూ మనిషికి 48 వేలు. దీపావళి వెళ్ళిన మూడో రోజు, గురువారం బయల్దేరాం. పండగ ముందు శనివారానికి అదే టికెట్ పదకొండు వేలు ఎక్కువ చూపించింది. వీసా రాకపోతే ఎలా అని భయం ఉంటుంది కదా, అందుకని మూడు వేలు ఎక్కువైనా క్యాన్సిల్ చేస్తే తక్కువ కోతతో డబ్బు వెనక్కిచ్చే రకం తీసుకున్నాను. ఇద్దరు వెళ్తున్నప్పుడు ఆ మూడు వేలకి వెనకాడకండి.

కావలసింది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా. 2024 జూన్ నుంచి ఫీజు 90 యూరోలు, పైన అప్లికేషన్లు తీసుకునే వీసా సెంటర్ వాళ్ళ ఛార్జీ. రాకపోయినా ఫీజు వెనక్కి రాదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆఖరి నెల దాకా ఆగొద్దు, అపాయింట్‌మెంట్లు దొరకవు. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు. బ్యాంకు స్టేట్‌మెంట్ బాగుండాలని వారం ముందు ఎవరి దగ్గరో తెచ్చి లక్షలు వేయకండి, ఆ డబ్బు ఎక్కడిదని అనుమానం వస్తుంది. మా అమ్మకి పెన్షన్ స్టేట్‌మెంట్, ఖర్చు నాదని నా లెటరూ పెట్టాం, సరిపోయింది.

బసకి మేం ఏథెన్స్‌లో రెండు నక్షత్రాల చిన్న హోటల్ తీసుకున్నాం. గది అద్దె కాక రాత్రికింత అని ప్రభుత్వ పన్ను అక్కడే కట్టాలి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా అలాంటి హోటల్‌కి 2 యూరోలు, అద్దెకిచ్చే అపార్ట్‌మెంట్‌కి 8. గదులు పోల్చేటప్పుడు ఇది కూడా కలుపుకోండి.

దీవుల్లో సాంటోరిని మానుకోండి. ఫొటోల్లో కనిపించే ఆ నీలి గుమ్మటాల వైపు ఒక రాత్రికి అడిగిన అద్దెతో మేం నాక్సోస్ అనే ఇంకో దీవిలో మూడు రాత్రులూ ఉన్నాం. ఏథెన్స్ పక్కనే ఉన్న పిరేయస్ రేవు నుంచి పొద్దున ఓడలో డెక్ టికెట్ మీద వెళ్ళాం, ఐదు గంటలు దాటింది. నాక్సోస్ రేవు పక్కనే చిన్న గుట్ట మీద తెల్లటి పాలరాతి ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంటుంది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తిచేయని గుడి అది. దాంట్లోంచి సూర్యుడు దిగుతుంటే అమ్మ చెప్పులు విడిచి నిలబడింది. "గుడి కట్టలేకపోయారు గానీ గడప నిలబెట్టారు" అంది. దానికి టికెట్ లేదు. తిరుగు ప్రయాణం మాత్రం విమానం రోజున పెట్టుకోవద్దు. గాలి పెరిగితే ఓడలు ఆపేస్తారు. కనీసం ఒక రోజు ముందు ఏథెన్స్ చేరండి.

శాకాహారులైతే "నిస్తీసిమో" అనే మాట నేర్చుకోండి. చర్చి ఉపవాసాలప్పుడు తినే తిండి, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. రొయ్యలు, ఆక్టోపస్ మాత్రం ఉపవాసంలో తింటారు, అడిగి తీసుకోండి. 'ఫావా' అంటే అచ్చం మన ముద్దపప్పే, మీద ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ. అమ్మ కారప్పొడి కలుపుకుని రెండు పూటలా అదే తింది. 'హోర్తా' ఉడికించిన ఆకుకూర, నిమ్మకాయ పిండుకుంటారు. ఇక్కణ్ణుంచి పొడులు తీసుకెళ్ళండి గానీ నెయ్యి వద్దు, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. అమ్మ సర్దిన నెయ్యి సీసా ఇంట్లోనే తీసి పెట్టాను. ఇంకోటి, తలూపుతూ "నే" అంటే కాదని కాదు, అవునని.

ఆక్రోపోలిస్ టికెట్ 2025 నుంచి మనిషికి 30 యూరోలు. అక్టోబర్ 28న మాత్రం ఉచితం. 1940లో అదే రోజు ఇటలీ నియంత ముస్సోలినీ ఇచ్చిన ఆఖరి హెచ్చరికకి గ్రీస్ కాదు పొమ్మంది, దాని పండగ. నవంబర్ నుంచి మార్చి దాకా మొదటి, మూడో ఆదివారాలు కూడా ఉచితమే. మేం 28కే పెట్టుకుని ఎనిమిదింటికి గేటు తెరిచేసరికి అక్కడున్నాం. పైకెక్కే దారిలో రాయి జనం నడిచీ నడిచీ అద్దంలా నున్నగా అయింది. మా ముందు ఒకావిడ తోలు చెప్పులతో జారి పడింది. కింద రబ్బరు పట్టు ఉన్న బూట్లు ఇక్కడే కొని, నెల రోజులు వాడి, అవే వేసుకెళ్ళండి.