దూడని చూడ్డానికి ఎప్పుడు వెళ్దాం?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. ఊరి బయట చిన్న రాంచ్ కొని నాలుగు ఆవుల్ని పెంచుకుంటున్నాం. ఒక బ్రాహ్మన్ జాతి ఆవు పుట్టిన దూడని దగ్గరికి రానివ్వకపోతే మా ఎనిమిదేళ్ల బాబే సీసాతో పాలు పట్టాడు. రెండో వారంలో దూడకి పారుడు రోగం, అంటే విరేచనాలు, పట్టుకుని రాత్రికి రాత్రే చనిపోయింది. వాడు లేచేలోపు పూడ్పించేసి, వేరే రాంచ్‌కి ఇచ్చామని చెప్పాం. చూడ్డానికి ఎప్పుడు వెళ్దామని రోజూ అడుగుతున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఈ రోజే నిజం చెప్పేయండమ్మా. వాడు ఏడుస్తుంటే చూడలేక అలా చెప్పారని తెలుస్తూనే ఉంది, కానీ ఇంకెవరి నోటి నుంచో వింటే దూడ పోయిన బాధకి మీరు దాచారన్న బాధ తోడవుతుంది. 'నిద్రపోయింది' అనకండి, అలా చెబితే కొందరు పిల్లలు పడుకోవడానికే భయపడతారు. 'చనిపోయింది, ఇక రాదు' అనండి. ఆ వయసుకి చాలామంది పిల్లలకి ఆ మాట అర్థమవుతుంది.

నా దిగులంతా ఆ పాలసీసా గురించే. తనే పాలు పట్టాడు కాబట్టి తన వల్లే చచ్చిపోయిందని వాడు లోపల్లోపల అనుకోవచ్చు, పైకి మాత్రం చెప్పడు. అందుకే అసలు సంగతి వివరంగా చెప్పండి: దూడ పుట్టేటప్పటికి దానికి రోగాన్ని తట్టుకునే శక్తి దాదాపు ఉండదు, అది ముర్రుపాలతోనే రావాలి, అదీ మొదటి కొన్ని గంటల్లోనే, ఒక రోజు దాటాక ఎన్ని పట్టినా పేగులు ఆ శక్తిని లోపలికి తీసుకోలేవు. తల్లి రానివ్వలేదంటే ఈ దూడకి అవి సరిగ్గా అంది ఉండవు. వాడు పట్టిన పాలతోనే అన్నాళ్లూ దాని కడుపు నిండిందని కూడా చెప్పండి, అది నిజమే కదా.

నా చిన్నప్పుడు మా ఇంట్లో గేదె దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టారు. గేదె దాన్ని నాకుతూ పాలు చేపింది. నాకు ఏడేళ్లుంటాయేమో, 'దానికి తెలీదా?' అని అడిగితే, చెంబు పట్టుకుని కూర్చున్న మా అమ్మ 'తెలుసులేవే, అయినా నాకుతుంది' అంది. నన్ను అక్కణ్ణించి పంపించెయ్యలేదు.

అబద్ధం చెప్పినందుకు వాడికి సారీ చెప్పండి. కోపం వస్తే రానివ్వండి, రెండు రోజులు మాట్లాడకపోయినా ఫర్వాలేదు. పూడ్చిన చోటు చూస్తానంటే తీసుకెళ్లండి. ఊరడించడానికని వెంటనే ఇంకో దూడని తేకండి. ఆ సీసా కూడా మీరు పారెయ్యకండి, ఏం చెయ్యాలో వాణ్ణే అడగండి.