కొలీజియం నియమిస్తుందా, సిఫార్సు చేస్తుందా?

సందేహం: ‘హైకోర్టుకు నలుగురు జడ్జీలను నియమించిన కొలీజియం’ అని ఒక పత్రిక, ‘సిఫార్సు చేసిన కొలీజియం’ అని ఇంకో పత్రిక రాశాయి. ఏది ఒప్పు? హైకోర్టు జడ్జి సుప్రీంకోర్టుకు వెళ్తే ‘పదోన్నతి’ అనవచ్చా?

సమాధానం: ‘సిఫార్సు చేసిన’ ఒప్పు. సుప్రీంకోర్టుకైనా (124వ అధికరణం) హైకోర్టుకైనా (217) జడ్జీలను నియమించేది రాష్ట్రపతి. కొలీజియం (ప్రధాన న్యాయమూర్తి, కొందరు సీనియర్ జడ్జీల బృందం) అన్న మాటే రాజ్యాంగంలో లేదు. ఉన్నది రాష్ట్రపతి న్యాయమూర్తులను ‘సంప్రదించి’ నియమించాలన్న మాట. తగవంతా దాని చుట్టూనే నడిచింది. సంప్రదిస్తే చాలు, సమ్మతి అక్కర్లేదని 1981లో సుప్రీంకోర్టు అంది. 1993లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం దాన్ని తిరగదోడి, ప్రధాన న్యాయమూర్తి మాటకే పెద్దపీట వేసింది. ఆ మాట ఆయన ఒక్కరిదీ కాదు, సుప్రీంకోర్టు నియామకాల్లో మరో నలుగురు సీనియర్లతో, హైకోర్టు నియామకాల్లో ఇద్దరితో కలిసి చెప్పాలని 1998లో తేల్చింది. కొలీజియం స్థానంలో పార్లమెంటు తెచ్చిన జడ్జీల నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న కొట్టేసింది. కొలీజియం మాటకు ఇంత బరువుంది కనకే విలేకరి చేతికి ‘నియమించిన’ అని వచ్చేస్తుంది. కానీ ఢిల్లీ హైకోర్టుకు న్యాయవాది సౌరభ్ కృపాల్ పేరును 2021 నవంబరులో సిఫార్సు చేసి, 2023 జనవరిలో మళ్లీ పంపినా ఆ ఏడాదంతా ఉత్తర్వు రాలేదు. ‘నియమించిన’ అని రాసేవారు ఆయన్ను ఏ బెంచిమీద కూర్చోబెడతారు?

మాట ఏ మెట్టుకు ఆ మెట్టుకు మారాలి. హైకోర్టు కొలీజియం పేరు ‘ప్రతిపాదిస్తుంది’, సుప్రీంకోర్టు కొలీజియం ‘సిఫార్సు చేస్తుంది’, కేంద్రం ‘పునఃపరిశీలన కోరవచ్చు’, అదే పేరు తిరిగి పంపితే కొలీజియం ‘పునరుద్ఘాటించినట్లు’. న్యాయశాఖ నోటిఫికేషన్ వెలువడ్డాకే ‘నియమితులయ్యారు’ అనాలి. బదిలీకీ ఇదే పద్ధతి: కొలీజియం బదిలీకి సిఫార్సు చేస్తుంది, బదిలీ చేసేది రాష్ట్రపతి. జిల్లా జడ్జీల సంగతి వేరు. అక్కడ హైకోర్టును సంప్రదించి గవర్నర్ నియమిస్తారు.

ఇక పదోన్నతి. సీనియర్ సివిల్ జడ్జి జిల్లా జడ్జి అయితే అది పదోన్నతే, ఒకే సర్వీసులో పైమెట్టు. హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లడం మాత్రం కొత్త నియామకం. కొత్త ఉత్తర్వు, కొత్త ప్రమాణం ఉంటాయి. 2021లో తెలుగువారైన పి.ఎస్. నరసింహ న్యాయవాదిగా ఉంటూనే నేరుగా సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. ఆయన ఏ పదం నుంచి ఉన్నతి పొందినట్లు? ‘సుప్రీంకోర్టు జడ్జిగా నియామకం’ అంటే ఇద్దరికీ సరిపోతుంది.