రెండక్షరాల పేరు, నర్రవాడ మొక్కు

ప్రశ్న: మా అత్తగారిది ఉదయగిరి దగ్గర ఒక పల్లె, నా పుట్టిల్లు ఒంగోలు. పెళ్ళయిన ఐదేళ్ళకు ఒంగోలులోని ఒక ఆసుపత్రిలో పాప పుట్టింది. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తున్నా పేరు పెట్టలేదు. జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగానే ఉంది. సంతానం కలిగితే నర్రవాడ వెంగమాంబ అమ్మవారి పేరు పెట్టుకుంటామని అత్తగారు మొక్కుకున్నారట. ఆ సంగతి పాప పుట్టాకే నాకు చెప్పారు. నా పేరు మూడు ముక్కలది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక విధంగా, ఆధార్‌లో మరో విధంగా, బ్యాంకులో ఇంకో విధంగా పడటం వల్ల ఆఫీసుల చుట్టూ చాలా తిరిగాను. అందుకే నా కూతురికి రెండక్షరాల పేరు ఉండాలని నా పట్టుదల. పాపది స్వాతి నాలుగో పాదం, ‘తా’ వచ్చింది కనుక ‘తార’ అనుకున్నాను. తార అని పెడితే కాపురం నిలవదని అత్తగారు, ఆడపిల్లకు సరి అక్షరాల పేరు పనికిరాదని మా ఆడబిడ్డ అంటున్నారు. మా ఆయన ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అని తప్పుకుంటున్నారు. ఎవరికీ చెప్పకుండా ఒంగోలు వెళ్ళి పేరు ఎక్కించేద్దామనిపిస్తోంది. అది తప్పా?
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందు సమాధానం చెబుతాను. తప్పు అనను గాని, ఆ పని చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. బిడ్డ పేరును రిజిస్ట్రారుకు తెలియజేసే హక్కు తల్లిదండ్రులకు ఉంది. అందుకు అత్తగారి సంతకం గాని, ఆడబిడ్డ అంగీకారం గాని అవసరం లేదు. అయితే చాటుగా ఎక్కిన పేరును ఆ ఇంట్లో ఎవరూ నోరారా పిలవరు. రేపు పాపను ఆవిడ ‘వెంగమ్మా’ అని, మీరు ‘తారా’ అని పంతం కొద్దీ పిలుస్తుంటే, రెండేళ్ళు నిండకముందే ఏ పిలుపుకు పలికితే ఎవరికి కోపమో ఆ పసిదానికి తెలిసిపోతుంది. పైగా మీకు అంత తొందర కూడా లేదు. జననం నమోదైన తేదీ నుంచి 12 నెలల వరకు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకు కూడా వీలుంటుంది. మీకు ఇంకా నాలుగైదు నెలలు చేతిలో ఉన్నాయి గనుక ఆ గడువును పోట్లాటకు కాక మాటలకు వాడుకోండి.

మీ ఉత్తరం చదివితే ఇది అక్షరాల లెక్క గురించిన తగాదా కాదని నాకు అనిపించింది. ఐదేళ్ళు బిడ్డ కోసం ఎదురుచూసిన కోడలికి, తన కడుపున పుట్టిన పిల్ల పేరు తనకు తెలియకుండానే ఎవరో నిర్ణయించారన్న బాధ ఉంది. అదే ఐదేళ్ళు ఊళ్ళో వాళ్ళ ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటూ వచ్చిన అత్తగారికి, తన మొక్కు వల్లే ఈ బిడ్డ దక్కిందన్న నమ్మకం, అది చెల్లించకపోతే పాపకు ఏమవుతుందోనన్న భయం ఉన్నాయి. ఆ భయాన్ని మీరు చాదస్తమని తోసిపారేసినంత కాలం ఆవిడ ఒక్క మెట్టు కూడా దిగిరారు. మన ప్రాంతంలో దేవుడి పేరు పెట్టుకోవడమంటే ఆ దేవుడికి బిడ్డను అప్పజెప్పుకోవడమే. పెంచలకోన స్వామిని నమ్మిన ఇళ్ళలో పెంచలయ్యలు, పెంచలమ్మలు, మాలకొండకు మొక్కిన ఇళ్ళలో మాల్యాద్రులు, మాలకొండయ్యలు, జొన్నవాడ అమ్మవారి భక్తుల ఇళ్ళలో కామాక్షమ్మలు, సూళ్ళూరుపేట వైపు చెంగమ్మలు, చెంగయ్యలు ఎంతమంది ఉన్నారో మీకు తెలియనిది కాదు. వాళ్ళెవరి తల్లిదండ్రులూ పేరు పొడవును కొలిచి చూసుకోలేదు.

ఇక మీ పట్టుదల సంగతి. మీరు పడిన ఇబ్బంది నిజమే గాని, దానికి కారణం పేరు పొడవు కాదు. ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా రాయించడమే కారణం. రెండక్షరాల పేరుకూ ఆ బెడద తప్పదు. ‘తార’నే చూడండి: ఇంగ్లీషులో ‘త’ కోసం మనవాళ్ళు టి పక్కన హెచ్ కలుపుతారు, కలపనివాళ్ళూ ఉన్నారు, దీర్ఘానికి ఒక ఏ రాసేవారు ఒకరైతే రెండు ఏలు రాసేవారు ఇంకొకరు, సంఖ్యాశాస్త్రం చెప్పేవారి దగ్గరకు వెళితే చివర మరో అక్షరం తగిలించి పంపుతారు. ఇంటిపేరు ముందు రావాలా వెనుక రావాలా అన్నది మరో తంటా. కనుక ఏ పేరు పెట్టినా, ఇంటిపేరుతో సహా ఇంగ్లీషులో ఎలా రాయాలో భార్యాభర్తలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, టీకాల కార్డు మొదలు ప్రతి చోటా దానినే చూసి రాయించండి. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడైనా, ఆధార్‌కైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి, స్థలానికి జనన ధ్రువపత్రమే రుజువు. అందువల్ల ఆ పత్రంలో పడిన పేరే తక్కిన అన్నిటికీ మూలమవుతుంది. అందులో ఒకసారి ఎక్కిన పేరును మార్చుకోవడం అక్షరదోషం దిద్దించుకున్నంత తేలిక కూడా కాదు.

ఇంత చెప్పినా, రెండక్షరాల పేరు మీద మీకున్న ఇష్టాన్ని నేను కాదనడం లేదు. చిన్న పేరును ఎవరూ తుంచలేరు. సంయుక్తాక్షరం కూడా ఒక్క అక్షరంగానే లెక్కకు వస్తుంది గనుక లక్ష్మి, దుర్గ, పద్మ కూడా రెండక్షరాల పేర్లే. సీత, ఉమ, గౌరి, రాధ, కుంతి సరేసరి. రామాయణాన్ని తెలుగులో చెప్పిన కవయిత్రి మొల్లది రెండక్షరాల పేరే. ఇన్ని శతాబ్దాలుగా చెల్లుబాటైన పద్ధతిని ఈ కాలపు ఫ్యాషన్ అని అత్తగారు అనుకుంటుంటే, మీరు ఆవిడకు చెప్పవలసిన మొదటి మాట ఇదే.

మీ ఆడబిడ్డ చెప్పిన నియమం ఆవిడ కల్పించినది కాదు. మగపిల్లవాడికి రెండో నాలుగో అక్షరాలు, ఆడపిల్లకు బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలని ఆపస్తంబ గృహ్యసూత్రం నిజంగానే చెప్పింది. అయితే ఆ లెక్కనే పట్టుకుంటే వెం, గ, మాం, బ అని నాలుగక్షరాలున్న వెంగమాంబ పేరు కూడా నిలబడదు, సీతా గౌరులూ నిలబడరు. మనువు ఆడపిల్లల పేరు గురించి చెప్పినప్పుడు సంఖ్య జోలికే పోలేదు. పలకడానికి సుఖంగా, కఠినం కాకుండా, అర్థం స్పష్టంగా, మనసుకు హాయిగా, మంగళకరంగా ఉండాలని, చివర దీర్ఘం ఉండాలని అన్నాడు. సంస్కృతంలో తారా అన్నది దీర్ఘాంతమే. తెలుగులోకి వచ్చాక సీతా సీత అయినట్టే ఇదీ తార అయింది. ఈ నాలుగక్షరాల సంగతి మీకు ధైర్యం కోసం చెప్పాను గాని, నలుగురిలో మీ ఆడబిడ్డను ఓడించడానికి కాదు. మాటలో గెలిచి మనిషిని దూరం చేసుకోవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ‘మన ఊళ్ళో అందరూ తారమ్మా అనే పిలుస్తారు వదినా, అప్పుడు మూడక్షరాలే కదా’ అని మీరు నవ్వుతూ అంటే ఆవిడా నవ్వవచ్చు.

తార పేరు గురించి అత్తగారి శంక కొంచెం లోతైనది. బృహస్పతి భార్య తార చంద్రుడితో వెళ్ళిపోయిన కథ ఆవిడ మనసులో ఉండి ఉంటుంది. వాలి భార్య తార భర్తను పోగొట్టుకుందన్న దిగులు కూడా ఉండవచ్చు. పెద్దవాళ్ళు ఇలా ఆలోచించడంలో వింత లేదు. సీత పేరు పెడితే కష్టాలు తప్పవనే వారు ఈనాటికీ ఉన్నారు, ఆ మాట పక్కన పెట్టి ఇంటింటా సీతమ్మలను పెంచుకున్న వారు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. కిష్కింధలోని తార ఎలాంటిదో అత్తగారికి గుర్తు చేయండి. సుగ్రీవుడు రెండోసారి వచ్చి పిలిచినప్పుడు, ఇప్పుడే ఓడిపోయి పారిపోయినవాడు ఇంత ధైర్యంగా మళ్ళీ వచ్చాడంటే వెనుక ఎవరో బలమైన తోడు ఉండి ఉంటుందని పసిగట్టి, వెళ్ళవద్దని వాలికి చెప్పింది ఆవిడే. కోపంతో వచ్చిన లక్ష్మణుడి ముందుకు వెళ్ళడానికి సుగ్రీవుడే జంకితే, మాటలతో ఆయనను శాంతింపజేసింది కూడా ఆవిడే. ఉదయం లేవగానే తలచుకోమని చెప్పే పంచకన్యలలో ఆవిడ ఒకరు. దశమహావిద్యలలో ఒక అమ్మవారి పేరు తార. ఇవన్నీ విన్న తరువాత కూడా ఆవిడ మనసు ఒప్పకపోతే, ‘త’తోనే తన్వి వంటి ఇంకో పేరు చూడటానికి మీరు సిద్ధంగా ఉండాలి. రెండక్షరాలు ఉండాలన్నది మీ అసలు కోరిక అయినప్పుడు, తారే ఉండాలన్న రెండో పంతాన్ని మీరు వదులుకోవచ్చు. ఆ ఒక్క సడలింపు చూసి అత్తగారు కూడా మెత్తబడతారని నా నమ్మకం.

మొక్కు తీర్చుకునే దారి నామకరణంలోనే ఉంది. శాస్త్రప్రకారం ఆ రోజు బిడ్డకు పెట్టేది ఒక్క పేరు కాదు. దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారికనామం అని నాలుగు ఉంటాయి. పళ్ళెంలో పోసిన బియ్యంలో మొదట వెంగమాంబ అని దేవతానామం, చివర లోకం పిలిచే పేరు రాయమని పురోహితుడిని ముందుగానే అడగండి. బియ్యంలో దేవతానామం రాసే ఉంగరం అత్తగారి చేతికే ఇవ్వండి, పాప చెవిలో ఆ పేరును మొదట ఆవిడనే చెప్పమనండి. ఆ తరువాత పాపను తీసుకుని అందరూ నర్రవాడ వెళ్ళి, మొక్కు విషయం అర్చకులకు చెప్పి, అమ్మవారి ఎదుట ఆ పేరుతో అర్చన చేయించండి. ఆవిడ మొక్కుకున్నది పేరు పెట్టుకుంటామని మాత్రమే. ఆఫీసు పత్రంలో రాయిస్తామని అమ్మవారికి మాట ఇవ్వలేదు. అయినా సందేహం ఉంటే ఆ అర్చకుల నోటనే సమాధానం విననివ్వండి, కోడలి నోట విన్నదానికంటే ఆవిడకు అది నచ్చుతుంది. ఇద్దరినీ తృప్తిపరచడానికి పత్రంలో ‘వెంగమాంబ తార’ అని రెండూ కలిపి రాయిద్దామని మధ్యవర్తులు ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. మీరు పడిన అవస్థే పాపకూ వస్తుంది: ఒక చోట ముందు పేరు, ఒక చోట వెనుక పేరు, ఇంకో చోట పొడి అక్షరం.

ఈ మాటలన్నీ అత్తగారికి చేరవలసింది మీ ద్వారా కాదు, మీ వారి ద్వారా. ‘మీరూ మీరూ తేల్చుకోండి’ అనడం ఆయనకు శాంతి మార్గంలా కనిపిస్తున్నది గాని, ఈ ఎనిమిది నెలల తగవుకు ఆ మౌనమే సగం కారణం. ఆయన తన తల్లి దగ్గర కూర్చుని, మీరు పక్కన లేనప్పుడు, ఫోనులో కాకుండా ఎదురుగా, ‘అమ్మా, నీ మొక్కు నా మొక్కు కూడా, దాన్ని నామకరణంలోనూ నర్రవాడలోనూ తీరుద్దాం. బడిలో పిలిచే పేరు మాత్రం మేమిద్దరం అనుకుని పెట్టుకుంటాం’ అని చెప్పాలి. ‘మేమిద్దరం’ అన్న మాట ఆయన నోటి నుంచి రావాలి. ‘తను ఒప్పుకోవడం లేదు’ అని ఆయన చెబితే మళ్ళీ నింద మీ మీదకే వస్తుంది. మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు మొక్కు సంగతి మీకు ముందు చెప్పనందుకు కలిగిన బాధను కూడా దాచుకోకుండా చెప్పండి, కాని అది ఆయనకు మాత్రమే చెప్పండి.

మీ వారు మాట్లాడిన తరువాత కూడా అత్తగారు వేడుకకు రానని భీష్మించుకుంటే, ఒక నెల ఆగి, మీ మామగారి చేత గాని, ఆవిడ మాట వినే అక్కచెల్లెళ్ళ చేత గాని ఒకసారి చెప్పించండి. అప్పటికీ రాకపోతే మంచి రోజు చూసి నామకరణం జరిపించి, దేవతానామం మాత్రం తప్పకుండా రాయించి, ఆ బియ్యం, కొత్త బట్టలు ఆవిడకు పంపండి. ఆ తరువాత ఆవిడ పాపను ఇంట్లో వెంగమ్మా అని పిలిస్తే మీరు సరిదిద్దవద్దు. పత్రంలో పేరు చేర్పించే పని ఉదయగిరి వైపు జరగదు. పాప పుట్టింది ఒంగోలులో కనుక జననం నమోదైన చోటే, అంటే ఒంగోలు నగరపాలక సంస్థ కార్యాలయంలోనే దరఖాస్తు ఇవ్వాలి. ఇద్దరూ కలిసి వెళ్ళి, మీ దగ్గర రాసి పెట్టుకున్న స్పెల్లింగుతో దరఖాస్తును పోల్చి చూసుకుని ఇవ్వండి, వెళ్తున్నట్టు అత్తగారికి ముందే చెప్పండి.