తారీకు చెప్పే ముందు ఒక్క నిమిషం

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మా ఆయన రేణిగుంట దగ్గర ప్రైవేటు కంపెనీలో పని చేస్తారు. ఐదేళ్లుగా ఇంట్లోనే బ్లౌజులు కుడుతున్నాను. పని బాగుంటుందని అందరూ అంటారు కానీ చెప్పిన రోజుకు ఒక్కటీ ఇవ్వలేకపోతున్నాను. ఎవరూ కదిలించకపోతే రోజుకు రెండు లైనింగ్ బ్లౌజులు పూర్తి చేస్తాను. ఇప్పుడు మంచం కింద ఇరవైకి పైగా కవర్లు ఉన్నాయి. ఫోన్ మోగితే గుండె దడ, బోర్లా పెట్టేస్తాను. ప్రతి నెలా ఒకటో తేదీన టైమ్‌టేబుల్ రాసుకుంటాను, తెల్లవారుజామున నాలుగింటికి లేవాలనుకుంటాను. నాలుగైదు రోజులకే అంతా చెదిరిపోతుంది. దానికి తోడు కొండకి వచ్చే చుట్టాలు, వాళ్లొస్తే మిషన్ పక్కన పెట్టమనే మా అత్త. పోయిన నెల ఒకమ్మాయి నిశ్చితార్థం బ్లౌజుకి, ఆ అమ్మాయి వాకిట్లో నిలబడి ఉండగా హుక్స్ కుట్టి ఇచ్చాను. వాళ్లమ్మ అన్న మాటలకి రాత్రంతా ఏడ్చాను. "నీకు చేతకాదు, ఆపెయ్" అన్నారు మా ఆయన. నాకు క్రమశిక్షణే లేదా? ఇది మూసేసి గాంధీ రోడ్డులో ఏదైనా బట్టల షాపులో సేల్స్‌కి పోవాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆది బ్లౌజు పక్కన పెట్టుకుని, చంక దగ్గర ముడత రాకుండా చెయ్యి అతికే మనిషికి శ్రద్ధ లేదంటే నేను ఒప్పుకోను. శ్రద్ధ లేకపోతే ఐదేళ్లపాటు ఆలస్యాన్ని భరిస్తూ కూడా ఆడవాళ్లు మీ దగ్గరికే ఎందుకు వస్తారు? మీ క్రమశిక్షణ మిషన్ దగ్గర బాగానే ఉంది. అది వాకిట్లో తెగిపోతోంది, కవరు చేతికి తీసుకుని తారీకు చెప్పే ఆ నిమిషంలో.

లెక్క మీరే రాశారు. ఎవరూ కదిలించకపోతే రోజుకు రెండు. ఇరవై కవర్లంటే పది రోజులు. కానీ మీ ఇంట్లో ఎవరూ కదిలించని రోజు ఎక్కడుంది? పిల్లల స్కూలు, వంట, కరెంటు పోవడం, మధ్యలో "ఈ ఒక్కటీ కొంచెం లూజు చెయ్యక్కా" అంటూ వచ్చే ఆల్టరేషన్లు, ఇవన్నీ కలిపితే మూడు వారాలు పడుతుంది. అయినా నిన్న వచ్చినావిడకి కూడా మీరు "శుక్రవారం తీసుకెళ్లక్కా" అనే చెప్పి ఉంటారు. ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణంలోనే ఆ బ్లౌజు ఆలస్యమైపోయింది. మీరు మరుసటి రోజు నాలుగింటికి లేచినా, ఏడింటికి లేచినా తేడా లేదు.

ఇది మీ ఒక్కరి బలహీనత అనుకోకండి. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీని గురించి రాశారు. గతంలో అదే పని ఆలస్యమైందని తెలిసి కూడా, ఈసారి మాత్రం తొందరగా అయిపోతుందనే మనిషి అంచనా వేస్తాడు. మనసు అన్నీ సవ్యంగా జరిగే రోజునే ఊహించుకుంటుంది. మీకు అయ్యేది రోజుకు రెండు అనుకుంటున్నారు కదా, పోయిన నెల మొత్తం మీద ఎన్ని ఇచ్చారో లెక్కపెట్టి ముప్పైతో భాగించండి. వచ్చిన అంకె చిన్నదిగా ఉంటుంది, చూస్తే బాధగా కూడా ఉంటుంది. ఇకమీదట తారీకు చెప్పాల్సింది ఆ చిన్న అంకెను బట్టే.

మరి శుక్రవారం అని ఎందుకు చెబుతున్నారు? కాదంటే వేరే టైలర్ దగ్గరికి పోతుందని భయం. ఎదుట నిలబడ్డ మనిషి ముఖం చిన్నబోతే చూడలేకపోవడం. మీరు నలుగురినీ సంతోషపెట్టాలనుకునే మనిషి, అందుకే ఇప్పుడు సంతోషపెట్టే మాట చెప్పి, తర్వాత వారం రోజులు ఫోనుకి భయపడుతున్నారు. పని వాయిదా వేయడాన్ని చాలామంది బద్ధకం అంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేను చూసింది ఎక్కువగా భయమే. ఏ కవరు ముట్టుకుంటే ఎవరి కోపం గుర్తొస్తుందో ఆ కవరు అడుక్కి పోతుంది. తేలికగా అయిపోయే ఫాల్, పీకో ముందుకొస్తాయి. రోజంతా పని చేసినట్టే ఉంటుంది, అసలు పని అలాగే ఉంటుంది.

కాబట్టి మొదటి పని టైమ్‌టేబుల్ రాయడం కాదు. ఈ ఆదివారం మంచం కింద కవర్లన్నీ బయటికి తీసి హాల్లో పరవండి. ఒక్కొక్కటీ తెరిచి చూడండి. గుడ్డ ఉందా, లైనింగ్ ఉందా, ఆది బ్లౌజు ఉందా, ఎవరిది, ఏ శుభకార్యానికి, అడ్వాన్సు ఎంత తీసుకున్నారు. కాగితం మీద రాసి కవరుకి పిన్ను పెట్టండి. తర్వాత కూర్చున్న చోటే వరుసగా ఫోన్లు చేయండి. మీరు చేయాలి, వాళ్లు చేసేదాకా ఆగకూడదు. కథలు చెప్పకండి, జ్వరం వచ్చిందనకండి, మిషన్ చెడిపోయిందనకండి. "అక్కా, చెప్పిన రోజుకి ఇవ్వలేకపోయాను, తప్పు నాదే. ఈ నెల 18 సాయంత్రం ఇస్తాను. అంతకంటే ముందు కావాలంటే గుడ్డ తీసుకెళ్లండి, అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను." ఇంతే. కొందరు తిడతారు. ఇద్దరు ముగ్గురు నిజంగానే గుడ్డ తీసుకెళ్లిపోతారు. తీసుకెళ్లనివ్వండి. మీకు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ ఈ ఒక్క పూట గడిస్తే ఫోను మోగినప్పుడు వచ్చే దడ సగానికి సగం తగ్గుతుంది. దాచిన విషయం ఇంకేమీ మిగలదు కాబట్టి.

ఆ కవర్లు ఖాళీ అయ్యేదాకా కొత్తవి తీసుకోకండి. తర్వాత ఒక నోటుబుక్కు పెట్టండి, పేజీకి ఒక వారం. మీ నిజమైన అంకె వారానికి ఎనిమిది అయితే ఆరు గీతలు మాత్రమే గీయండి, గీతకి ఒక బ్లౌజు. మిగిలిన రెండూ ఆల్టరేషన్లకి, అనుకోకుండా వచ్చిపడే పనులకి. ఎవరైనా గుడ్డ తెస్తే నోటితో తారీకు చెప్పకండి, ముందు పుస్తకం తెరవండి. గీతలు నిండి ఉంటే పై వారం. "ఈ వారం నిండిపోయిందక్కా, వచ్చే బుధవారం తర్వాతే" అని పుస్తకం వాళ్ల వైపు తిప్పి చూపించండి. ఎదురుగా రాసి ఉన్నది చూస్తే మనుషులు ఎక్కువగా వాదించరు. మీకూ కాదనడం సులువవుతుంది. సగం డబ్బు ముందే తీసుకుని ఆ గీత మీదే రాయండి.

ఈ పుస్తకం మీకు శ్రావణంలో బాగా అక్కరకొస్తుంది. వరలక్ష్మీ వ్రతం, పెళ్లి ముహూర్తాలు, అన్నీ ఒక్కసారి మీద పడతాయి. అందుకే ఆషాఢం చేతిలో ఉన్నప్పుడే కొత్త పద్ధతి అలవాటు చేసుకోండి. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి రద్దీ తక్కువ. ధనుర్మాసం కూడా అంతే.

పని వరుస గురించి ఒక్క మాట. మీకు తెలియనిదేమీ కాదు, ఆచరణలో పెట్టాలంతే. ఒక్కొక్క బ్లౌజునీ మొదటినుంచి చివరిదాకా చేస్తూ పోతే, ఎవరో తలుపు కొట్టగానే దారం తెగినట్టే. లైనింగ్ గుడ్డలన్నీ ముందురోజు రాత్రే నీళ్లలో తడిపి ఆరేయండి, లేకపోతే కుట్టాక ముడుచుకుపోతుంది కదా. మరుసటి రోజు ఒకే పూటలో నాలుగు బ్లౌజులకీ కటింగ్. కటింగ్‌కి బుర్ర పెట్టాలి, అందుకే పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు. హుక్స్, హెమ్మింగ్ లాంటి చేతిపని సాయంత్రం పిల్లలు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చేసుకోవచ్చు. అదైనా పక్కింట్లో తీరిక ఉన్న ఆవిడకి బ్లౌజుకి ఇంత అని ఇచ్చి చేయించుకోండి. ఆ కొద్ది డబ్బు పోతుందని చూడకండి. నిశ్చితార్థం రోజున వాకిట్లో జరిగినదంతా హుక్స్ దగ్గరే కదా జరిగింది.

ఎవరైనా లోను తీసుకుని ఇంకో మిషన్ కొనమంటే మాత్రం ఇప్పుడే వద్దు. కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో శిశు అనే విభాగం కింద 50,000 రూపాయల దాకా ఇస్తారు, నిజమే. కానీ తారీకులు దారిలో పడకముందే కంతులు నెత్తిన పెట్టుకుంటే దడ రెట్టింపవుతుంది.

నాలుగింటికి లేవడం గురించి. రాత్రి పన్నెండింటి దాకా గిన్నెలు తోముతూ, యూనిఫాంలు ఇస్త్రీ చేస్తూ ఉండే గృహిణిని నాలుగింటికి లేవమని చెప్పే వీడియోల మీద నాకు కోపం. నాలుగు గంటల నిద్రతో కత్తెర పట్టుకుంటే కంచి పట్టుచీర బ్లౌజు గుడ్డ తప్పుగా తెగుతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. మీకు కావాల్సింది రోజూ ఒకే సమయంలో అడ్డం లేని మూడు గంటలు. పిల్లలు స్కూలుకి వెళ్లాక పది నుంచి ఒంటిగంట దాకా చాలు. ఆ మూడు గంటలు ఫోను వంటింట్లో ఉండాలి, మిషన్ పక్కన కాదు. మోడల్ చూద్దామని తెరిచిన ఫోను అరగంట తినేయడం మీరు రాయకపోయినా నేను ఊహించగలను.

ఇంకొకటి. నాలుగైదు రోజులకే చెదిరిపోతుందన్నారు. చెదిరిన రోజున మీరు చేస్తున్న పని, మళ్లీ ఒకటో తేదీ కోసం ఎదురుచూడటం. ఆ ఇరవై ఐదు రోజులే నష్టం. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఒక కొత్త అలవాటు దానంతటది జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, ఇంకొందరికి 254 దాకా పడుతుందని అంచనా వేశారు. అందరూ చెప్పే 21 రోజుల లెక్క అందులో ఎక్కడా లేదు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా వాళ్లు గమనించారు. కాబట్టి మంగళవారం తప్పితే బుధవారం పదింటికి మళ్లీ కూర్చోండి. కొత్త కాగితం, కొత్త నెల అక్కర్లేదు.

ఇక చుట్టాలు. తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకే తెలుస్తుంది ఈ బాధ. ఎండాకాలం సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మే నెలలో గంగమ్మ జాతర, ఏదో ఒకటి. స్టేషన్‌కి ఎదురెళ్లాలి, తెల్లారేసరికి టిఫిన్ కావాలి, విష్ణునివాసంలో దర్శనం టోకెన్లు ఇస్తున్నారో లేదో కనుక్కోవాలి, రాబోయే నెలల 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే పూట మిషన్ ఆపి ఫోన్ ముందు కూర్చోవాలి. మీ అత్తగారు అనే మాట ఇదే కదా: "మనోళ్లు కొండకి వస్తా ఉండారు, రెండు రోజులు మిషన్ పక్కన పెడితే ఏం పోతాది?" ఆవిడ చెడ్డగా అన్న మాట కాదది. దేవుడి దగ్గరికి వచ్చినవాళ్లకి అన్నం పెట్టడం పుణ్యమని పెరిగిన మనిషి. మీ పని ఆగితే ఏం పోతుందో ఆవిడకి నిజంగానే తెలియదు, ఎందుకంటే ఎవరూ చూపించలేదు.

చూపించండి. కోపంలో వద్దు, మధ్యాహ్నం ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు అదే నోటుబుక్కు ముందు పెట్టి చెప్పండి. "అత్తా, ఈ వారంలో ఆరుగురికి మాటిచ్చాను. ఈవిడది కూతురి సీమంతం. నేను రెండు రోజులు ఆపితే ఆ రోజు ఆవిడ కట్టుకోవడానికి బ్లౌజు ఉండదు." వాళ్లు ఎవరో పేరుతో తెలిస్తే ఆవిడకీ జాలి కలుగుతుంది. చుట్టాలు రావద్దని నేను అనను. వాళ్లు ఎలాగూ పొద్దున్నే కొండకి బయల్దేరతారు. ఇంట్లో టిఫిన్, రాత్రి భోజనం మీరు చూసుకోండి. పైకి తోడు వెళ్లడం, టోకెన్ల సంగతి, టికెట్ల బుకింగ్ మీ ఆయనకో, చుట్టాల్లో కాలేజీ చదివే కుర్రాడికో అప్పగించండి. వస్తున్నారని ముందే తెలిస్తే ఆ వారం ఆరు గీతల్ని నాలుగు చేసుకోండి.

మీ ఆయన మాట గురించి ఆలోచించాను. "చేతకాదు" అనడం తప్పే, అది ఆయనకి చెప్పండి కూడా: ఆ మాట మీకు ఎంత నొప్పి కలిగించిందో. కానీ ఆయన చూసేది మీ ఏడుపు, వాకిట్లో గొడవ మాత్రమే. కుట్టుకూలి ఎప్పటికప్పుడు పాలకి, కూరగాయలకి, ట్యూషన్ ఫీజుకి కరిగిపోతుంటే మీరు సంపాదిస్తున్నారని ఆయనకే కాదు, మీకూ తెలియడం లేదు. పోస్టాఫీసులో 500 రూపాయలతో సేవింగ్స్ ఖాతా తెరవొచ్చు. కుట్టుకూలి మొత్తం ముందు అందులోకి పోవాలి, ఇంటి ఖర్చుకి నెలకి ఇంత అని అందులోంచి తియ్యాలి. మూడు నెలల తర్వాత ఆ పాసుబుక్కు ఇద్దరూ కలిసి చూడండి. ఈలోగా ఆయన్ని ఒక్క సాయమే అడగండి: సాయంత్రం ఇంటికి వచ్చాక ఒక గంట పిల్లల హోంవర్కు. పది కోరికలు ఒకేసారి అడిగితే ఒక్కటీ జరగదు.

ఒక విషయం అడగకుండా ఉండలేను. రాత్రంతా ఏడవడం, గుండె దడ అని రాశారు. ఆ కవర్ల భారం తగ్గాక కూడా రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు పోకపోయినా డాక్టర్‌ని కలవండి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంట్లోంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి.

చివరికి గాంధీ రోడ్డు సంగతి. షాపులో ఉద్యోగం చిన్నతనమేమీ కాదు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, షాపు దాటాక ఎవరి ఫోన్లూ ఉండవు, కొందరికి అదే నప్పుతుంది. కానీ ఆ నిర్ణయం వాకిట్లో మాటలు పడ్డ నెలలో తీసుకోకండి. ఇప్పుడు వెళ్తే మంచం కింద కవర్లతో సహా వెళ్తారు, ఆ ఆడవాళ్లు షాపు కౌంటర్ దగ్గరికే వచ్చి అడుగుతారు. ముందు అవన్నీ ఇచ్చేయండి. మూడు నెలలు పుస్తకం ప్రకారం నడిపి చూడండి. అప్పటికీ మనసు షాపు వైపే లాగితే హాయిగా వెళ్లండి, మిషన్ అమ్మకుండా. ఏ సంగతైనా నాకు రాయండి, ముఖ్యంగా ఆదివారం ఫోన్లు చేశాక ఎంతమంది గుడ్డ వెనక్కి తీసుకెళ్లారో.