గెలిచేశామన్న ధీమా ఫైనల్లో జట్టును నిజంగా ఓడిస్తుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీ అబ్బాయి అమెరికాలో చదువుతున్న యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈ సీజన్‌లో ఒక్క ఆట కూడా ఓడకుండా జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు చేరింది. జట్టు వీడియో విభాగంలో అతను విద్యార్థి సహాయకుడు. క్యాంపస్‌లో అప్పుడే ట్రోఫీ వచ్చేసినంత సంబరం. అతివిశ్వాసం నిజంగా ఓడిస్తుందా, లేక ఓడిపోయాక జనం చెప్పుకునే సాకా అని మీరు అడిగారు.

రెండూ ఉన్నాయండి. ఏది ఎక్కడ పనిచేస్తుందో నా కళ్లముందు జరిగిన ఒక సీజన్ ఆధారంగా చెబుతాను.

2006లో నేను ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాను. కొలంబస్ నగరంలో శనివారం ఆట ఉందంటే ఊరంతా ఎర్ర చొక్కాలే. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం నిండిపోయేది. మన విద్యార్థులకు మొదటి ఏడాది ఈ ఆట అంతుపట్టదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి, వెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుబడితే మిగతాది మెల్లగా అర్థమవుతుంది. రెండో ఏడాదికి మా గదిలో అందరం పిచ్చి అభిమానులమైపోయాం.

ఆ ఏడాది నవంబర్ 18న ఒహాయో స్టేట్, మిషిగన్ తలపడ్డాయి. దేశంలో మొదటి ర్యాంకు మాది, రెండో ర్యాంకు వాళ్లది, రెండూ అప్పటిదాకా ఓటమి ఎరగనివి. సరిగ్గా ముందురోజు మిషిగన్ మాజీ కోచ్ బో షెంబెక్లర్ మరణించడంతో ఆటకు మరింత బరువు వచ్చింది. 42-39తో మేం గెలిచాం. ఆ రాత్రి నుంచి ఊళ్లో ఒకటే మాట: అసలు ఫైనల్ అయిపోయింది, ఇక మిగిలింది లాంఛనమే. డిసెంబర్‌లో మా క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) ట్రాయ్ స్మిత్‌కు హైస్మన్ ట్రోఫీ, అంటే కళాశాల ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడి బహుమతి, వచ్చింది. ఫైనల్లో ప్రత్యర్థి ఫ్లోరిడా. ఒక ఆట ఓడిన జట్టది. ర్యాంకుల్లో మొదటి రెండు జట్లే ఫైనల్ ఆడే ఆ రోజుల్లో, అసలు ఆ రెండో స్థానం మళ్లీ మిషిగన్‌కే ఇవ్వాలని చాలామంది గట్టిగా వాదించారు. ఫ్లోరిడా ఏదో సందులో దూరి వచ్చిందన్నట్లే అందరూ మాట్లాడేవారు.

మా ల్యాబ్‌లోని తెల్లబోర్డు మీద అందరూ తమ అంచనా స్కోర్లు రాశారు. ఎవరిని కదిపినా మిషిగన్‌తో ఆట గురించి ఏ ప్రయత్నంలో ఎవరు ఎటు పరుగెత్తారో సహా చెప్పేవారు. ఫ్లోరిడా ఎలా ఆడుతుందని అడిగితే మాత్రం, 'వాళ్ల లీగ్‌ను అందరూ ఎక్కువ చేసి చెబుతారు' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేవారు. వాళ్ల డిఫెన్స్ వరుసకు రెండు కొసల్లో నిలబడే కుర్రాళ్లెవరో మా ల్యాబ్‌లో ఒక్కరికీ తెలియదు. ఆ బోర్డు మీద ఫ్లోరిడా గెలిచే అంకె ఒక్కటీ లేదు. దగ్గరి పోటీ అని కూడా ఎవరూ రాయలేదు.

మనస్తత్వ శాస్త్రంలో ఇక్కడ పనికొచ్చే పరిశోధన ఒకటుంది. డాన్ మూర్, పాల్ హీలీ 2008లో ఒక వ్యాసంలో, అతివిశ్వాసం అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి మూడు వేర్వేరు విషయాలని చూపించారు. తన సత్తాను ఉన్నదానికన్నా ఎక్కువగా లెక్కగట్టడం ఒకటి. ఇతరులకన్నా తాను మెరుగని అనుకోవడం రెండోది. తన అంచనా తప్పే అవకాశమే లేదన్నంత కచ్చితంగా నమ్మడం మూడోది. ఈ మూడూ కలిసే రావాలని లేదు. సులువుగా తోచిన పనిలో మనుషులు తమ మార్కులను తక్కువగానే అంచనా వేసుకుంటూ, పక్కవాడికన్నా మాత్రం తామే మేలని అనుకుంటారు. తమ గురించి ఉన్నంత సమాచారం ఎదుటివాడి గురించి ఉండకపోవడమే ఇందుకు వాళ్లు చెప్పిన కారణం.

మా బోర్డు మీద ఉన్నది ఈ రెండోదీ, మూడోదీ. మా జట్టు గురించి మాకున్న అభిప్రాయంలో తప్పు లేదు, అది నిజంగానే గొప్ప జట్టు. ఫ్లోరిడా అన్న గడిలోనే ఏమీ లేదు, ఆ ఖాళీని ధీమాతో పూడ్చుకున్నారు. అభిమానులకు అలా పూడ్చుకునే హక్కుంది. వాళ్లు బంతి పట్టుకోరు కదా.

2007 జనవరి 8న అరిజోనాలోని గ్లెండేల్‌లో ఫైనల్. మొదటి తన్నుకే టెడ్ గిన్ బంతి అందుకుని 93 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించాడు. ఆట మొదలై పదహారు సెకన్లు. మా గదిలో గోడలు అదిరాయి. ఆ సంబరంలో తోటి ఆటగాళ్లు మీద పడటంతో గిన్ కాలికి గాయమైంది, ఆ తర్వాత అతను దాదాపుగా ఆడనే లేదు. ఫ్లోరిడా బంతి తీసుకుని తొణకకుండా ముందుకు నడిచి స్కోరు సమం చేసింది. వాళ్ల డిఫెన్స్ వరుసకు కొసల్లో నిలబడే జార్విస్ మాస్, డెరిక్ హార్వీ క్వార్టర్‌బ్యాక్‌కు కాపుకాసే మా లైన్‌ను చుట్టి ఎంత వేగంగా వచ్చేవారంటే, ట్రాయ్ స్మిత్‌కు తలెత్తి చూసే తీరిక కూడా దొరకలేదు. హైస్మన్ విజేత ఆ రాత్రి 14 పాస్‌లు విసిరితే నాలుగే చేరాయి, వచ్చింది 35 గజాలు. జట్టు మొత్తం కలిపి 82 గజాలు. స్కోరు 41-14.

నేను ఇప్పటికీ మరచిపోలేని ఘట్టం రెండో క్వార్టర్‌లోది. స్కోరు 24-14. మా సొంత 29వ గజం గీత దగ్గర నాలుగో ప్రయత్నం, కావలసింది ఒక్క గజం. మామూలుగా అక్కడ బంతిని దూరంగా తన్నేసి ఆట నిలబెట్టుకుంటారు. మా జట్టు ఆ గజం కోసం పరుగెత్తించింది. దొరకలేదు. ఫ్లోరిడాకు మూడు పాయింట్లు, వెంటనే స్మిత్ చేతిలోంచి బంతి జారిపోయి మరో ఏడు, విరామానికి 34-14. ఆ గజం కోసం తెగించేనాటికి తేడా పది పాయింట్లే, ఆట సగం కూడా కాలేదు. అయినా అంత తొందర ఎందుకు? ఆ నిర్ణయాన్ని పొగరని చాలామంది అన్నారు. నాకు అందులో కంగారు కనిపించింది. ఇలా జరగవచ్చని ఎవరూ అనుకోనిది జరుగుతుంటే, దానికోసం దాచి ఉంచిన ఉపాయం లేక, ఉన్నదంతా ఒక్కసారే ఒడ్డిన పని అది. ధీమా చేసే అసలు నష్టం ఇదేనని నా అభిప్రాయం. ఆటకు ముందు బయట ఎంత గొప్పలు చెప్పుకున్నా ఆట మీద పెద్దగా ప్రభావం ఉండదు. మొదటి ఎదురుదెబ్బ తగిలాక ఏం చేయాలో ముందు రోజుల్లో ఎవరూ అడగకపోవడం మాత్రం తప్పకుండా దెబ్బతీస్తుంది.

ఫైనల్‌కు ముందు వచ్చిన ఖాళీ సంగతి కూడా చెప్పాలి. మా జట్టు నవంబర్ 18 తర్వాత 51 రోజులు ఒక్క ఆటా ఆడలేదు. ఫ్లోరిడా డిసెంబర్ 2న తన లీగ్ ఫైనల్ ఆడి వచ్చింది, వాళ్లకు 37 రోజులే. అన్ని రోజులు ఎదురు దెబ్బ తగలకుండా పొగడ్తలు మాత్రమే వింటే ఎవరి అంచనా అయినా సరిదిద్దుకునే అవకాశం పోతుంది. అవతల ఫ్లోరిడాకు ఆ నెలంతా మీకు ఇక్కడ ఉండే అర్హతే లేదన్న మాటలు వినిపించాయి. తన కుర్రాళ్లను ఉత్సాహపరచడం పెద్ద కష్టం కాలేదన్న అర్థంలో కోచ్ అర్బన్ మేయర్ ఆట తర్వాత మాట్లాడారు. ఇప్పుడు ప్లేఆఫ్ పద్ధతిలో, అంటే పలు జట్లు రౌండ్లవారీగా ఆడే పద్ధతిలో, ఫైనల్‌కు ముందు అంత ఖాళీ ఉండదు, అది మీ అబ్బాయి జట్టుకు మేలే. అయినా 2024 సీజన్‌లో మొదటి రౌండ్ ఆడకుండా నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లిన నాలుగు జట్లూ అక్కడే ఓడాయి. వాటిలో అప్పటిదాకా ఓటమి లేని ఒరెగాన్ ఒకటి. దాన్ని 41-21తో ఓడించింది ఒహాయో స్టేట్. అంతకు ఒక నెల ముందు మిషిగన్ చేతిలో సొంత మైదానంలో ఓడిపోయి, నానా మాటలు పడి వచ్చిన జట్టది. చివరికి ఛాంపియన్ కూడా అదే అయింది.

ఇక మీ ప్రశ్నలో రెండో సగం, ఓడాక చెప్పుకునే సాకు. మనస్తత్వ శాస్త్రవేత్త బరూక్ ఫిష్‌హాఫ్ 1975లోనే చూపించాడు: ఫలితం తెలిశాక, అది జరిగే అవకాశం ముందు నుంచే ఎక్కువగా ఉన్నట్లు మనకు తోస్తుంది. ఓడిన జట్టు నవ్వుతూ దిగిన ఫోటోలన్నీ అప్పుడు సాక్ష్యాలైపోతాయి. గెలిచి ఉంటే అవే ఫోటోల కింద ఆత్మవిశ్వాసం అని రాసేవారు.

2006 జనవరి 4న రోజ్‌బౌల్‌లో జరిగిన ఫైనల్ చూడండి. సదరన్ కాలిఫోర్నియా జట్టు వరుసగా 34 ఆటలు గెలిచి వచ్చింది. ఇద్దరు హైస్మన్ విజేతలు, రెజీ బుష్, మాట్ లైనార్ట్, అందులోనే ఉన్నారు. చరిత్రలోని మహా జట్లతో దాన్ని పోలుస్తూ టీవీలో కార్యక్రమాలు వచ్చాయి. ఆట చివర్లో 38-33తో ముందుండగా, టెక్సస్ 45వ గజం దగ్గర నాలుగో ప్రయత్నంలో రెండు గజాల కోసం లెండేల్ వైట్‌కు బంతి ఇచ్చారు. టెక్సస్ ఆపేసింది. విన్స్ యంగ్ జట్టును నడిపించి, 19 సెకన్లు మిగిలి ఉండగా తానే పరుగెత్తి గెలిపించాడు. 41-38. కోచ్ అహంకారమని అప్పుడు ఎన్నో మాటలు వచ్చాయి. ఆ రెండు గజాలు దొరికితే ఆట దాదాపు అక్కడే ముగిసేది. వైట్ ఆ రాత్రంతా బాగా పరుగెత్తాడు కూడా. నాకైతే అది సరైన నిర్ణయమే, ఫలితం వికటించిందంతే. 38 పాయింట్లు చేసి మూడు పాయింట్ల తేడాతో ఓడిన జట్టును ధీమా ముంచిందనడం అన్యాయం. అవతల యంగ్ ఆడిన ఆట అలాంటిది. ప్రతి ఓటమికీ అతివిశ్వాసం అని పేరు పెడితే గెలిచినవాడి గొప్పతనం మన కంటికి ఆనదు.

మరో సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. 2003 జనవరిలో అదే అరిజోనాలో ఒహాయో స్టేట్‌కు వ్యతిరేక పాత్ర దక్కింది. ఎదురుగా 34 వరుస విజయాల మయామీ, పందెం లెక్కల్లో పది పాయింట్లకు పైగా మొగ్గు వాళ్లకే. రెండు అదనపు సమయాల తర్వాత 31-24తో ఒహాయో స్టేట్ గెలిచింది. అప్పుడూ కోచ్ జిమ్ ట్రెసెలే. తిరుగులేని జట్టు ఎలా కూలుతుందో దగ్గరుండి చూసిన మనిషి నాలుగేళ్ల తర్వాత అలాంటి జట్టుకే నాయకుడయ్యాడు. ఎదుటివాడి ధీమాలో ఉన్న పగులు కనిపించినంత తేలిగ్గా మన ధీమాలోది కనిపించదు.

అలబామా కోచ్ నిక్ సేబన్ 2017లో పత్రికల పొగడ్తలను ఎలుకల మందు అన్నారు. 2021 డిసెంబర్‌లో జార్జియా మీద తన జట్టు గెలవదని అందరూ రాస్తే, ఈసారి ఆ మందు రుచిగా ఉందని నవ్వారు. 41-24తో గెలిచారు. ఐదు వారాలు దాటాక జాతీయ ఫైనల్లో అవే రెండు జట్లు తలపడితే జార్జియా 33-18తో గెలిచింది. చివరి క్వార్టర్‌లో జార్జియా క్వార్టర్‌బ్యాక్ స్టెట్సన్ బెనెట్ బంతి జారవిడిచాడు, దాంతో అలబామా 18-13తో ముందుకెళ్లింది. అతను ఆ వెంటనే వచ్చిన అవకాశంలోనే 40 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరాడు.

మీ అబ్బాయి వీడియో విభాగంలో ఉన్నాడన్నారు కాబట్టి, అతను చేయగలిగిన పని ఉంది. క్యాంపస్ సంబరాన్ని ఆపాలని చూడవద్దని చెప్పండి. పందొమ్మిదేళ్ల పిల్లలకు అది జీవితంలో ఒక్కసారి వచ్చే పండగ. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ 2007లో రాసిన పద్ధతి ఒకటుంది: పని మొదలుపెట్టే ముందే అది పూర్తిగా విఫలమైందని అనుకుని, ఎందుకు విఫలమైందో ప్రతి ఒక్కరూ విడివిడిగా కాగితం మీద రాయాలి. ఓడిపోవచ్చా అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఓడిపోయాం, కారణం చెప్పండి అంటే చిన్నవాళ్లు కూడా చెబుతారు. తన తోటి సహాయకులతో కలిసి ఒక సాయంత్రం ఇది చేసి, ఆ కారణాలకు సరిపోయే దృశ్యాలను ప్రత్యర్థి ఆటల నుంచి ఏరి, పై అధికారి ఒప్పుకుంటే కోచ్‌లకు ఇవ్వమనండి. ముఖ్యంగా రెండు రకాలవి: ప్రత్యర్థి డిఫెన్స్‌లో అత్యంత వేగంగా వచ్చేవాళ్లు ఒంటరిగా లైన్‌ను దాటిన సందర్భాలు, తమ జట్టు ఈ సీజన్‌లో వెనకబడ్డాక ఆడిన మొదటి ఐదారు ప్రయత్నాలు. ఓటమి ఎరగని జట్టుకు ఈ రెండో రకం దృశ్యాలు చాలా తక్కువగా దొరుకుతాయి. అలా దొరక్కపోతే ఆ మాటే కోచ్‌లకు చెప్పమనండి, ప్రాక్టీసులో పది పాయింట్లు వెనకబడినట్లు పెట్టుకుని ఆడించడానికి వాళ్లకు ఇంకా సమయం ఉంది.