ఫెర్రస్, ఫెర్రిక్ విడిగా కొలవడం దండగా?

“బోరు నీళ్ల రిపోర్టులో ఇనుము మొత్తం ఎంతుందో ఇచ్చారు కదా, మళ్లీ ఫెర్రస్ ఎంత, ఫెర్రిక్ ఎంత అని కొలిపించడం దండగ కాదా?” అని ఒకరు అడిగారు. ఫెర్రస్ అంటే నీళ్లలో కరిగి ఉండే ఇనుము, ఫెర్రిక్ అంటే గాలి తగిలి తుప్పులా మారిన ఇనుము. నన్నడిగితే ఆ మొత్తం లెక్కే దండగ.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఒక పల్లెలో బోరింగు నీళ్లు పట్టాను. కొట్టగానే అద్దంలా ఉన్నాయి. బిందెతో వచ్చిన ఒకావిడ నవ్వి, రాత్రి పట్టి ఉంచిన బిందె చూపించింది. అడుగున ఇటుకపొడిలా మడ్డి. నేనేమో కూల్‌డ్రింక్ బాటిల్లో ముప్పావు వంతు పట్టి, బండి మీద రెండు గంటలు కుదుపుకుంటూ ల్యాబ్‌కు తెచ్చాను. ఫినాంత్రోలిన్ అనే మందు వేస్తే ఫెర్రస్‌కు నారింజ రంగు రావాలి. రాలేదు. సున్నా అని రాసిచ్చాను. మా సారు కాగితం చూడనే లేదు, బాటిలెత్తి అడుగు చూశారు. “సగం గాలి పెట్టి గిలక్కొట్టుకుంటూ తెచ్చి, ఫెర్రస్ లేదంటావేంట్రా!”

మర్నాడు మందులన్నీ సంచిలో వేసుకుని బోరింగు దగ్గరికే పోయాను. అక్కడ పరీక్షనాళికలో క్షణాల్లో కమలాపండు రంగు! అక్కడే ఆమ్లం కలిపి తెచ్చిన ఇంకో సీసాలో మొత్తం ఇనుము కొలిస్తే, రెండూ దాదాపు ఒకటే. అంటే ఉన్నదంతా ఫెర్రసే. గాలి తగిలితే అది ఫెర్రిక్‌గా మారి తుప్పులా అడుగున చేరుతుంది. నీటి పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత) ఒక్క అంకె పెరిగితే ఆ మార్పు వేగం సుమారు 100 రెట్లవుతుంది.

విడిగా కొలవడం ఇందుకే. ఫెర్రస్ కరిగి ఉంటుంది కాబట్టి క్యాండిల్ ఫిల్టర్లోంచి దర్జాగా దిగిపోతుంది. ముందు నీళ్లకు గాలి పట్టించి, మడ్డి కట్టాక ఇసుకలో వడకట్టాలి. నీళ్లలో లోహాలు కొలిచే ఖరీదైన ఐసీపీ మెషీన్ కూడా ఈ తేడా చెప్పదు, దానిలోని ప్లాస్మాలో, అంటే మహా వేడి వాయువులో, అన్నీ అణువణువూ విడిపోయి ఒకటే లెక్కవుతాయి. క్రోమియం సంగతీ అంతే. క్రోమియం-6 అనే రూపం విషం, క్రోమియం-3 అంత ప్రమాదం కాదు, మొత్తం లెక్కలో రెండూ ఒకటే.

అన్నట్టు, ఆర్వో అమ్మేవాళ్లు రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టి “చూడండి మీ నీళ్లలో మురికి” అంటారే, ఆ గోధుమరంగు వాళ్ల ఇనుప కడ్డీ కరిగి వచ్చిందే. మా అత్తయ్య ఇంటికొచ్చిన కుర్రాడితో, అతని ఆర్వో నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమన్నాను, ఉప్పు ఉంటేనే నీళ్లలో కరెంటు బాగా పారుతుంది మరి. వాళ్ల నీళ్లూ గోధుమరంగే తిరిగాయి. “ఇంకో ఇంటికి టైమవుతోందండీ” అని పెట్టె సర్దుకున్నాడు.