డార్క్ మ్యాటర్ పరిశోధనకు ముందు కావాల్సింది కోడింగ్

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. గెలాక్సీలు, వాటిని చుట్టుకుని ఉండే డార్క్ మ్యాటర్ హాలోలు కలిసి ఎలా ఎదిగాయో పరిశోధిస్తానంటోంది. కంటికి కనిపించని దాని మీద చదువేమిటని మాకు టెన్షన్‌గా ఉంది. టెలిస్కోప్ కొనివ్వాలా? - ఒక తండ్రి

జవాబు: టెలిస్కోప్ అక్కర్లేదండీ, మంచి ల్యాప్‌టాప్ చాలు. డార్క్ మ్యాటర్ కనిపించకపోయినా దాని గురుత్వాకర్షణ వల్ల దాని బరువు తెలుస్తూనే ఉంటుంది. విశ్వంలోని పదార్థంలో దాదాపు 85 శాతం అదే.

మీ అమ్మాయి పట్టుకున్న ప్రశ్న మంచిది. డార్క్ మ్యాటర్ గుమిగూడి హాలో అవుతుంది, అందులోకి చేరిన వాయువు చల్లబడి నక్షత్రాలవుతుంది. ఖగోళ శాస్త్రవేత్తలు సైమన్ వైట్, మార్టిన్ రీస్ 1978లోనే ఈ మాట చెప్పారు. మరి హాలో ఎంత పెద్దదైతే గెలాక్సీ అంత పెద్దదవ్వాలి కదా? అదే నిష్పత్తిలో అవ్వదు. చిన్న హాలోల్లో సూపర్‌నోవాలు, అంటే నక్షత్రాల పేలుళ్లు, వాయువును బయటికి తోసేస్తాయి. మరీ పెద్దవాటిలో మధ్యనున్న కృష్ణబిలం వెళ్లగక్కే శక్తి వాయువును చల్లబడనివ్వదు. సూర్యుడికి లక్ష కోట్ల రెట్లు బరువుండే హాలోలే నక్షత్రాలను పుట్టించడంలో ముందుంటాయి. మన పాలపుంత హాలో కూడా దాదాపు అంతే. వాటిలో సైతం నక్షత్రాలుగా మారేది తమ వాటాకు వచ్చిన మామూలు పదార్థంలో (డార్క్ మ్యాటర్ కానిదానిలో) సుమారు అయిదో వంతే.

ఇష్టం ఎంత గట్టిదో తేలాలంటే ఒక పని చేయించండి. గెలాక్సీలు ఎలా ఎదిగాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపే ఇలస్ట్రిస్ టీఎన్‌జీ అనే సిమ్యులేషన్ డేటా ఆన్‌లైన్‌లో ఉచితం. పైథాన్ అనే కోడింగ్ భాషలో హాలో బరువు ఒకవైపు, నక్షత్రాల బరువు ఒకవైపు పెట్టి గ్రాఫ్ గీయమనండి. అందులో బరువులు నేరుగా ఇవ్వరు, విశ్వం విస్తరించే వేగాన్ని సూచించే 0.6774 అనే సంఖ్యతో భాగించుకోవాలి. అది మరిచిపోతే ప్రతి బరువూ మూడో వంతు తగ్గిపోతుంది. ఈ రంగంలో రోజువారీ పని చాలావరకు ఇలాంటి తప్పులు వెతుక్కోవడమే! గ్రాఫ్ ఎక్కడ వంగిందో, ఎందుకు వంగిందో తనంతట తానే తవ్వుతుంటే, మీరు అడ్డు చెప్పకండి. రెండు రోజులకే విసుగొస్తే అది కూడా ఇప్పుడే తెలియడం మంచిది.

ఉద్యోగం సంగతి దాచను. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆపైన రెండేసి మూడేసి ఏళ్ల పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు. పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. బయటికొచ్చిన చాలామంది డేటా సైన్స్‌లో కుదురుకుంటారు, ఎందుకంటే వాళ్లకు స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ చేతికి వచ్చేసి ఉంటాయి. కాబట్టి ఎమ్మెస్సీలో సాపేక్షత, స్టాటిస్టికల్ మెకానిక్స్‌తో పాటు న్యూమరికల్ మెథడ్స్ కూడా తప్పకుండా తీసుకోమనండి.